అమ్మమ్మ అప్పజెప్పే అమెరికా

"అబ్రహాం లింకన్ ఏం చేశాడు?" అని మనవరాలు అడుగుతుంది. "బానిసల్ని విడిపించాడు" అని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అమ్మమ్మ అప్పజెబుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లి అమెరికాలో స్థిరపడిన గుంటూరు, ప్రకాశం జిల్లాల పెద్దవాళ్లకు పౌరసత్వ పరీక్ష ముందు ఇదే చదువు. చాలాకాలం వంద ప్రశ్నల్లోంచి పది అడిగి, ఆరు చెబితే నెగ్గించేవారు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవారికి ప్రశ్నలు 128 అయ్యాయి. ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. 55 ఏళ్లు నిండి, 15 ఏళ్లు గ్రీన్ కార్డుతో అక్కడున్నవారు దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబివ్వొచ్చు.

లింకన్ గురించి ఆ ఒక్క ముక్క చాలు, గట్టెక్కుతారు. నల్లరేగడిలో పత్తి తీసిన చేతులకు మాత్రం ఆ జవాబులో ఇంకా చాలా ఉంది. అమెరికా దక్షిణాది పత్తి చేలల్లో చాకిరీ చేసింది ఆ బానిసలే. వాళ్లు తీసిన దూదితోనే ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులు తిరిగేవి. 1861లో అంతర్యుద్ధం మొదలవగానే లింకన్ దక్షిణాది రేవుల్ని దిగ్బంధించాడు. దూది అందక మిల్లులు మూతపడ్డాయి, కార్మికులు పస్తులున్నారు, యజమానుల చూపు మన దేశం మీద పడింది. ఇక్కడ పత్తి రేటు ఎన్నడూ లేనంత ఎగబాకింది. 1865లో యుద్ధం ఆగింది, రేటు కుప్పకూలింది. దాన్ని నమ్ముకున్న బొంబాయి వ్యాపారులు నిలువునా మునిగారు. పత్తి బోరేలు బండికెత్తాక రేటు పడిపోవడం చవిచూసిన రైతుకు ఈ పాఠం విడమర్చి చెప్పక్కర్లేదు.

మన మిరపా అమెరికా ఖండాల మొక్కే. 1492లో కొలంబస్ అట్లాంటిక్ దాటిన తరవాతే పోర్చుగీసు ఓడలెక్కి మనకు చేరింది. అంతకుముందు మన కూరల్లో కారమంటే ఎక్కువగా మిరియాలదే. గుంటూరు మిర్చి యార్డు ఘాటుకు తుమ్ముతూ నడిచే పిల్లాడికి ఈ సంగతి చెప్పండి, ఆ ఏడాదిని జన్మలో మరిచిపోడు. మన పోటీ పరీక్షలేమో ఏడాది ఒక్కటే అడిగి వదిలేస్తాయి. ఎందుకు, ఎలా అన్నవి గాలికి పోతాయి. నా బాధంతా అదే.

అమెరికావాళ్లూ ఈ నేలకు వచ్చారు. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. ఒంగోలులో 1866 నుంచి బాప్టిస్టు మిషన్ నడిపిన జాన్ క్లాఫ్ కుర్రతనంలో మిన్నెసోటాలో భూముల సర్వే నేర్చినవాడు. ధాత నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువులో ఆ విద్యే అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు కూలి ఇప్పించాడు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు ముగిసేదాకా బాప్తిస్మం ఇవ్వలేదు. ఆ తరవాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

మన బడులకు ప్రపంచ చరిత్ర ప్రశ్నపత్రం నన్ను రాయమంటే మొదట ఇవే అడుగుతాను. మిన్నెసోటా సర్వేయరు ఒంగోలు సీమలో కాలువ ఎందుకు తవ్వించాడు? లింకన్ రేవులు మూస్తే మన పత్తికి రేటెందుకు పెరిగింది?