గాలిలో వేగం కొలిచేదెలా?

సంక్రాంతి రోజుల్లో మన పెద్దాపురంలో మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తారు గదా! దారం బిగబట్టి పట్టుకుంటే గాలిపటం ఆకాశంలో ఒకేచోట నిలిచి ఉంటుంది. దాని వేగమెంత అని అడిగితే మీరు సున్నా అంటారు. నేలమీదనుంచి చూస్తే అది నిజమే. కాని గాలి గంటకు 20 కి.మీ. వేగంతో వీస్తున్నదనుకోండి. గాలిపటం మీదుగా గాలి అదే వేగంతో పారుతున్నదన్నమాట. గాలిపటాన్ని నిలబెట్టేది ఆ పారే గాలే. గాలి పడిపోతే గాలిపటమూ పడిపోతుంది.

కాబట్టి ఎగిరే వస్తువుకు రెండు వేగాలుంటాయి. నేలతో పోల్చి చెప్పేది భూవేగం. చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది వాయువేగం. రెక్కను మోసేది వాయువేగమే.

1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానం మొదటిసారి 12 సెకన్లలో 36 మీటర్లు సాగింది. లెక్క కట్టి చూడండి. సెకనుకు 3 మీటర్లు, అంటే గంటకు 11 కి.మీ. మాత్రమే! మీరు పరుగెత్తి దాన్ని దాటిపోగలరు. మరి అది ఎలా లేచింది? ఆ సమయంలో ఎదురుగా గంటకు 30 కి.మీ.కు పైగా గాలి వీస్తోంది. ఆ రెండూ కలిస్తే వాయువేగం 40 దాటింది. గాలిని కొలిచే సాధనాన్ని కూడా ఆ సోదరులు విమానానికి బిగించుకున్నారు.

ఇంజను లేకుండా కొండలమీదనుంచి ఎగిరే హాంగ్ గ్లైడర్, పారాగ్లైడర్లలో ఈ సంగతి ప్రాణాలకు సంబంధించినది. హాంగ్ గ్లైడర్‌లో గొట్టాల చట్రానికి బిగించిన గుడ్డ రెక్క కింద మనిషి వేలాడుతూ, తన బరువును అటూ ఇటూ జరిపి నడుపుతాడు. పారాగ్లైడర్‌కు చట్రం ఉండదు. గాలితో ఉబ్బిన గుడ్డ రెక్కనుంచి దిగిన తాళ్లకు కట్టిన ఆసనంలో మనిషి కూర్చుంటాడు. పారాగ్లైడర్ మామూలు వాయువేగం గంటకు 35–40 కి.మీ. వేగం తగ్గినకొద్దీ, అదే బరువు మోయడానికి రెక్క గాలికి ఎదురుగా మరింత ఏటవాలుగా నిలవాలి. ఆ వాలు హద్దు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారదు, విడిపోతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. 1896 ఆగస్టు 9న జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ గ్లైడర్ ఇలాగే వేగం కోల్పోయి కూలింది. మరునాడు ఆయన మరణించాడు.

వేగాన్ని కంటితో అంచనా వేస్తే చాలదా? చాలదు. వాయువేగం 35 ఉన్న పారాగ్లైడర్, గంటకు 20 కి.మీ. గాలి వాలున పోతున్నదనుకోండి. కింద నేల 55 కి.మీ. వేగంతో వెనక్కి పరుగెడుతుంది. జోరు ఎక్కువైందని భ్రమపడి వేగం తగ్గిస్తే స్టాల్ తప్పదు. ఉపగ్రహాల సాయంతో పనిచేసే జి.పి.ఎస్. కూడా చెప్పేది భూవేగమే!

వాయువేగాన్ని కొలిచే ఉపాయం ఒక నదినుంచి వచ్చింది. 1732లో ఫ్రాన్సులో హెన్రీ పిటో అనే ఇంజనీరు నీటి వేగం కొలవడానికి ఒక చివర వంచిన గొట్టాన్ని వాడాడు. వంచిన నోరు ప్రవాహానికి ఎదురుగా ఉండేట్లు ముంచితే, గొట్టంలో నీరు బయటి మట్టంకన్నా పైకి లేస్తుంది. సామర్లకోట దగ్గర గోదావరి కాలువ సెకనుకు 1 మీటరు వేగంతో పారుతుంటే నీరు 5 సెం.మీ. లేస్తుంది. వేగం రెట్టింపైతే 20 సెం.మీ., అంటే నాలుగు రెట్లు!

విమానాల ముక్కు దగ్గర ఉండే గొట్టాలు పిటో గొట్టాలే. అయితే గాలి నీటికన్నా ఎంతో తేలిక. గంటకు 250 కి.మీ. వేగంలో గాలి కలిగించే పీడనం సుమారు 30 సెం.మీ. నీటిని నిలబెడుతుంది. పారాగ్లైడర్ వేగమైన 36 కి.మీ.లో అది నిలబెట్టేది 6 మిల్లీమీటర్లే. ఇంత చిన్న తేడాను తప్పు లేకుండా చదవడం కష్టం. అందుకే ఇటువంటి గ్లైడర్లలో చిన్న గాలిమర వాడతారు. వేగం రెట్టింపైతే దాని చుట్లూ దాదాపు రెట్టింపవుతాయి.

ఎత్తుకు పోతే ఈ రెండు సాధనాలూ వేర్వేరు అంకెలు చూపుతాయి. 3000 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో ముప్పాతికే. గాలిమర 42 చూపినప్పుడు పిటో సాధనం సుమారు 36 చూపుతుంది. ఏది తప్పు? ఏదీ కాదు! గాలిమర చెప్పేది అసలు వాయువేగం. పిటో చెప్పేది గాలి నెట్టుడు ఎంతో. రెక్కను మోసేది ఆ నెట్టుడే కాబట్టి, ఏ ఎత్తులోనైనా పిటో సాధనం మీద స్టాల్ అంకె దాదాపు ఒకటే.

సాధనాన్ని ఎక్కడ అమర్చామన్నదీ ముఖ్యమే. రెక్క దగ్గరా, మనిషి వెనుకా గాలి చెదిరి ఉంటుంది. అందుకే పారాగ్లైడర్‌లో గాలిమరను తాడుకు కట్టి మనిషికి బాగా దిగువన వేలాడదీస్తారు.

సాధనం సరిగా ఉన్నదో లేదో తేల్చే ఉపాయం మీ చేతికే ఇస్తున్నాను. ఒక పారాగ్లైడర్ తన వాయువేగం మార్చకుండా సూటిగా ఎదురుగాలిలో పోయినప్పుడు జి.పి.ఎస్. 16 చూపింది. అదే గాలి వాలున తిరిగి వచ్చినప్పుడు 56 చూపింది. రెండుసార్లూ గాలిమర 33 అన్నది. అసలు వాయువేగమెంత? గాలి వేగమెంత? గాలిమరలో తప్పెంత? కాగితం తీసుకుని లెక్క కట్టండి.