ప్రజాగాయకుడు గద్దర్

నాట్లు వేసేటప్పుడు, తిరగలి విసిరేటప్పుడు, బండి తోలేటప్పుడు మన పల్లెలలో పాట పుట్టింది. ఊరు ఆ పాటను మెచ్చింది గాని, పాడినవారిని గుమ్మం అవతలే నిలబెట్టింది. డప్పు లేనిదే ఊరేగింపు కదలదు. డప్పు కొట్టేవానికి మాత్రం ఊరి బావిలో నీళ్లు ముట్టే హక్కు ఉండేది కాదు. ఈ అన్యాయాన్ని వేదిక ఎక్కి నిలదీసిన కళాకారులలో గద్దర్ ముఖ్యులు.

ఆయన అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో జన్మించారు. నాటి మెదక్ జిల్లా మన బీదరుకు పొరుగు. 1956 వరకు రెండూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. కనుక ఆయన పాటలోని మాట చిద్రిలోని తెలుగువారికి పరాయిదిగా తోచదు. ఇంజనీరింగు చదువు మధ్యలో మానివేశారు. 1975లో కెనరా బ్యాంకులో గుమాస్తాగా చేరి, 1984లో ఆ ఉద్యోగాన్ని పాటకోసం వదులుకున్నారు.

ఉర్దూ తెలిసినవారికి ‘గద్దర్’ అనగానే ద్రోహి అనే అర్థం స్ఫురించవచ్చు. కాని ఈ పేరుకు మూలం 1913లో అమెరికాలోని భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ. గదర్ అంటే తిరుగుబాటు.

భుజాన గొంగడి, మోకాలిపైకి కట్టిన గోచి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఇది నాటకానికి వేసుకున్న వేషం కాదు, గజ్జెలు తప్ప మిగిలినవి గొర్రెల కాపరి, కూలివాడు ధరించే దుస్తులే. జనం పాడుకొనే బాణీ తీసుకొని అందులో కొత్త మాటలు పొదిగేవారు. ‘మాభూమి’ చిత్రంలో బండి యాదగిరి కట్టిన పాటను ఆయనే తెరపై పాడి ఆడారు.

ఇటువంటి కళాకారుడే అమెరికాలో పాల్ రోబ్సన్. ఆయన తండ్రి బానిసత్వం నుండి తప్పించుకొన్నవాడు. రోబ్సన్ న్యాయశాస్త్రం చదివి ఒక కార్యాలయంలో చేరగా, నల్లవాడు చెప్పింది రాసుకోనని అక్కడి తెల్ల ఉద్యోగిని నిరాకరించింది. ఆయన ఆ వృత్తినే వదిలివేశారు. 1925లో న్యూయార్కులో పూర్తిగా తన జాతి పాటలతోనే కచేరీ చేశారు. సినిమాలో తాను పాడిన ఒక పాటలో దీనత్వం ధ్వనించిన చరణాన్ని తరువాతి కచేరీలలో పోరాట చరణంగా మార్చి పాడారు. సమానహక్కులు అడిగినందుకు, వామపక్ష భావాలు చాటినందుకు 1950 నుండి 1958 వరకు ప్రభుత్వం ఆయన పాస్‌పోర్టును నిలిపివేసింది.

రోబ్సన్ మార్చినది పాటను. గద్దర్ తన దారినే మార్చుకొన్నారు. సాయుధ విప్లవమే మార్గమని నమ్మి ఆయన కొన్నేళ్లు అజ్ఞాతంలో గడిపారు. 1990లో మళ్లీ జనం ముందుకు వచ్చారు. 1997 ఏప్రిల్ 6న దుండగులు ఇంటివద్దనే ఆయనపై కాల్పులు జరిపారు. ఒక తూటా చివరివరకు శరీరంలోనే ఉండిపోయింది. ఎన్నికలు వ్యర్థమని దశాబ్దాలపాటు పాడిన ఆయన 2018లో తొలిసారి ఓటు వేశారు. అంబేద్కర్ రచించిన రాజ్యాంగాన్ని కాపాడుకోవాలని సభలలో చెప్పసాగారు. లక్షలమంది ఎదుట పాడిన మాటను అదే జనం ఎదుట మార్చుకోవడానికి తూటాను ఎదుర్కొన్నంత ధైర్యం కావాలనిపిస్తుంది.

1995లో ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలోని పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తిరస్కరించారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం ఆ సినీ పురస్కారాలకు గద్దర్ పేరే పెట్టింది. దానిని ఆయన చూడలేదు. 2023 ఆగస్టు 6న మరణించిన గద్దర్‌ను అల్వాల్‌లో తాను నెలకొల్పిన మహాబోధి విద్యాలయం ఆవరణలోనే ఖననం చేశారు.