కోడి సూపు: రసం ఒక్కటే చాలదు

వార్డులో రోజూ వినిపించే ప్రశ్న ఇది: "సిస్టరమ్మా, జ్వరం తగ్గింది గదా, కోడి సూపు పొయ్యొచ్చా?" పొయ్యొచ్చు. కాని చాలామంది కోడిని బాగా ఉడకబెట్టి, రసం రోగికి పోసి, ముక్కలు ఇంట్లో వాళ్లు తింటారు. బలమంతా రసంలోకి దిగిపోయిందని వారి నమ్మకం. నిజానికి కండను తిరిగి పెంచే మాంసకృత్తులు ఎక్కువ భాగం ముక్కలోనే ఉంటాయి. ఎముక లేకుండా ఉడికిన 100 గ్రాముల కోడిమాంసంలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రసంలోకి దిగేది అందులో కొద్ది భాగమే. టైఫాయిడ్‌తో చిక్కిపోయినవారికి, టి.బి. మందులు వాడుతున్నవారికి ఈ తేడా చిన్నది కాదు.

అలాగని రసం వృథా కాదు. ఒంట్లో తగ్గిన నీటిని, ఉప్పును కొంత తిరిగి ఇస్తుంది, చేదెక్కిన నోటికి రుచి తెస్తుంది. వేడి సూపు తాగితే ముక్కులోని చీమిడి త్వరగా కదులుతుందని అమెరికా వైద్యులు 1978లోనే పరీక్షించి చెప్పారు. 2000లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ స్టీఫెన్ రెనార్డ్, సూపు కొన్ని తెల్లరక్తకణాల కదలికను నెమ్మదింపజేస్తుందని చూపారు. అయితే అది ప్రయోగశాలలో చూసిన సంగతి, రోగులపై చేసిన పరీక్ష కాదు. కనుక సూపు మొదలుపెట్టామని మందులు ఆపకండి.

ముగ్గురికి సరిపడా చేయాలంటే అర కిలో ఎముకతో ఉన్న కోడి, ఆరు గ్లాసుల నీళ్లు, ఒక ఉల్లిగడ్డ, ఒక క్యారెట్, అంగుళం అల్లం, ఐదారు ఎల్లిపాయలు, పది మిరియాలు, చిటికెడు పసుపు చాలు. కోడిని కడగకుండా వండమంటే మన ఇళ్లలో ఎవరూ ఒప్పుకోరు, నాకు తెలుసు. కనీసం నల్లా ధార కింద కడగకండి. ఆ తుంపరలతో క్రిములు పక్కనున్న గిన్నెలపై పడతాయి. గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, చేతులు, కత్తి, పీట సబ్బుతో కడుక్కోండి. అన్నీ కలిపి మరిగాక సన్నని సెగ మీద 40 నిమిషాలు ఉంచాలి. నాటుకోడికి గంట పైనే పడుతుంది, కుక్కరైతే త్వరగా అవుతుంది. తర్వాత ముక్కలు తీసి, ఎముకలన్నీ ఏరేసి, మాంసాన్ని సన్నగా చీల్చి మళ్లీ రసంలో వేయండి. మెడ ఎముకలు చిన్నవి, జాగ్రత్తగా చూడండి.

ఇక నూడుల్స్. ప్యాకెట్‌లో వచ్చే మసాలాలో ఉప్పు చాలా ఎక్కువ, అది వేయకండి. నా మాటకైతే గుప్పెడు సేమియా మేలు. నాలుగైదు నిమిషాల్లో ఉడుకుతుంది, నమలడానికి మెత్తగా ఉంటుంది. అప్పటికి తినేంత సూపులోనే వేయండి. నిలవ ఉంటే ఉబ్బి ముద్దయిపోతుంది. ఉప్పు చివరగా చూసి వేసి, దించాక నిమ్మరసం పిండండి.

నెల్లికుదురు నుంచో, పెద్దవంగర నుంచో పొద్దున వండి టిఫిన్‌లో పోసుకుని, బస్సెక్కి మధ్యాహ్నానికి తెచ్చేవారున్నారు. ఆ శ్రమ మాకు అర్థమవుతుంది, కాని గోరువెచ్చగా ఉన్న సూపులో క్రిములు బాగా పెరుగుతాయి. వండిన రెండు గంటల్లో తాగించాలి, ఎండాకాలమైతే గంటలోపే. కొన్ని క్రిములు వదిలిన విషం తిరిగి మరిగించినా పోదు. దూరం నుంచి తెచ్చేవారు ఫ్లాస్కును ముందు వేడినీళ్లతో నింపి, పది నిమిషాలాగి పారబోసి, అప్పుడు మరుగుతున్న సూపు పోయండి. మూత తీసినప్పుడు పొగలు రాకపోతే రోగికి ఇవ్వకండి.

పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవారికి, మగతలో ఉన్నవారికి నోట్లో సూపు పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు, ఆపరేషన్ అయినవారు ఎంత తీసుకోవాలో డాక్టరుగారిని అడగండి. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలే. టి.బి. రోగుల ఆహారం కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వనివారు టి.బి. మందులు తీసుకునే చోట అడిగి నమోదు చేయించుకోండి.