కోర్‌కి ఒక లెక్క, ఎడ్జ్‌కి మరో లెక్క

2002 నవంబరు 13న బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో కంప్యూటర్ నెట్‌వర్కు కుప్పకూలింది. ల్యాబ్ రిపోర్టులూ మందుల చీటీలూ నాలుగు రోజులపాటు కాగితాల మీదికెక్కాయి. వాటిని మనుషులే చేతుల్లో పట్టుకుని వార్డుల వెంట తిరిగారు. వైరస్ కాదు, హ్యాకర్లు కాదు. ఒక పరిశోధకుడు నెట్‌వర్కులోకి వదిలిన భారీ డేటాతో మొదలైంది గొడవ. అయితే అసలు జబ్బు పాతదే: ఏళ్ల తరబడి అతుకు మీద అతుకు వేసుకుంటూ పెరిగిన నెట్‌వర్కు అది.

అలాంటి నెట్‌వర్కులో కంప్యూటర్లను వైర్లతో కలిపే పెట్టె స్విచ్. దాని పని చూడటానికి తేలిక. ఏ పోర్టు వెనక ఏ కంప్యూటర్ ఉందో గుర్తు పెట్టుకుంటుంది, దానికొచ్చిన డేటాను అటే పంపుతుంది. చిరునామా తెలియకపోతే, లేదా అందరికీ చెప్పాల్సిన కబురైతే, వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ వదులుతుంది. చిక్కంతా ఇక్కడే. ఇంటర్నెట్ ప్యాకెట్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది, ఇన్ని మజిలీలు దాటితే చచ్చిపోతుంది. స్విచ్‌లు మోసే డేటా మూట, ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అదీ లేదు. టేబుల్ కింద వేలాడుతున్న వైరు రెండో కొసను ఎవరో పుణ్యాత్ముడు ఖాళీ సాకెట్లో దూర్చాడంటే, ఒక్క ఫ్రేమ్ గానుగెద్దులా తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ పిల్లల్ని పెడుతూ క్షణాల్లో నెట్‌వర్కును ముంచేస్తుంది.

దీనికి విరుగుడు 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టింది. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, చుట్టూ తిరిగి వచ్చే దారుల్ని మూసేసుకుంటాయి. పేరు స్పానింగ్ ట్రీ. ఈ కొసనుంచి ఆ కొసకు ఏడు స్విచ్‌లకు మించవనే అంచనాతో దాని ప్రామాణిక గడువులు లెక్కగట్టారు. బోస్టన్‌లో ఆ హద్దు దాటిపోయింది.

అందుకే కోర్ స్విచ్, అంటే మిగతా స్విచ్‌లన్నీ వచ్చి కలిసే నడిమి స్విచ్ కొనేటప్పుడు వేగం కంటే ముందు అడగాల్సింది: ఇది నెట్‌వర్కును ముక్కలు చేయగలదా? అకౌంట్స్ వాళ్లకొక వీల్యాన్ (అవే వైర్ల మీద విడిగా నడిచే నెట్‌వర్కు), కెమెరాలకొకటి, అతిథుల వైఫైకి వేరొకటి పెట్టి, వాటి మధ్య రాకపోకల్ని కోర్ రూటర్‌లా నడపాలి. అప్పుడు ఒక ముక్కలో రేగిన తుఫాను పక్క ముక్కలోకి రాదు. రెండు పవర్ సప్లైలు, నడుస్తుండగానే మార్చగలిగే ఫ్యాన్లు ఉండాలి. వీలైతే కోర్‌లే రెండు ఉండాలి. కంప్యూటర్లు తగిలించే ప్రతి ఎడ్జ్ స్విచ్ నుంచీ ఒక్కోదానికి ఒక్కో ఫైబర్ లాగాలి. రాగి తీగ హద్దు 100 మీటర్లే కాబట్టి అంతస్తుల మధ్య ఫైబరే నయం.

(స్విచ్ చరిత్రలో మన పేరొకటుంది. 1990 ప్రాంతంలో తొలి ఈథర్‌నెట్ స్విచ్‌ను అమ్మకానికి తెచ్చిన కాలిఫోర్నియా కంపెనీ పేరు కల్పన. దాని స్థాపకుల్లో ఒకడు, భారత సంతతి వాడైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరే దానికి పెట్టాడు. ఆ పెట్టెకు ఉన్నవి ఏడు పోర్టులు. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది.)

ఎడ్జ్ స్విచ్ సంగతి వేరు. దానికి తగిలించేవి ఏమిటన్నదే ప్రశ్న. ఫోన్లు, కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు డేటాతోపాటు కరెంటునూ ఆ వైరులోంచే తాగుతాయి. పోర్టుకు ఇచ్చే కరెంటు 2003 ప్రమాణంలో 15.4 వాట్లు, 2009లో 30, 2018లో 90 దాకా. కొనేవాళ్లు మోసపోయే చోటు ఇదే. పెట్టె మీద 48 పోర్టులుంటాయి, లోపలి పవర్ బడ్జెట్ మాత్రం 370 వాట్లుంటుంది. పోర్టుకు నిండుగా 30 వాట్లు ఇవ్వాలంటే పన్నెండింటికే సరి.

ఇక కరపత్రంలో మెరిసే అంకెలు. 48 గిగాబిట్ పోర్టులు, కోర్ వైపు వెళ్లే నాలుగు 10 గిగాబిట్ అప్‌లింకులు ఉన్న స్విచ్‌కు ‘176 గిగాబిట్ల సామర్థ్యం’ అని రాస్తారు. 48కి 40 కలిపి, రానూపోనూ రెండింతలు చేస్తే వచ్చేది అదే, గొప్పేమీ లేదు. అన్ని పోర్టులూ ఒకేసారి నిండినా లోపల ఇరుకు కాదని దానర్థం, అంతే. అసలు ఇరుకు అప్‌లింకులో ఉంటుంది. రెండే అప్‌లింకులు వాడితే 48కి 20, అంటే 2.4కి 1. కంగారు పడక్కర్లేదు. పెళ్లికి ఐదువందల మందిని పిలిచి ఐదువందల విస్తళ్లూ ఒకే పంక్తిలో వేసేవాళ్లుండరు. మామూలు ఆఫీసులో ఈ నిష్పత్తి సుఖంగా నడిచిపోతుంది. వీడియో ఎడిటింగ్ చేసేచోట నడవదు.

ఎడ్జ్‌లో డబ్బు మిగుల్చుకోవచ్చు గానీ, కాన్ఫిగర్ చేయడానికి వీల్లేని చౌకరకం మాత్రం వద్దు. కంప్యూటర్లకు మాత్రమే కేటాయించిన పోర్టులో ఏ స్విచ్ గొంతైనా వినిపించగానే దాన్ని మూసేసే కాపలా మంచి ఎడ్జ్ స్విచ్‌లో ఉంటుంది. వైరు రెండో కొసను గోడలో పెట్టిన పుణ్యాత్ముడు అప్పుడు ఐటీ వాళ్లకు ఫోన్ చేసి, తన సాకెట్టు పనిచేయడం లేదని ఫిర్యాదు చేస్తాడు. పక్క టేబుల్ మీద మెయిల్ ఆగకుండా వస్తూనే ఉంటుంది.