కడప బండల్లో నక్షత్ర చేపలు ఎందుకు లేవు? అపోహలు – వాస్తవాలు

రాయలసీమ ఒకప్పుడు సముద్రగర్భమన్న మాట నిజమే. కర్నూలు, నంద్యాల, కడప ఇళ్ళలో నేల మీద పరిచే నాపరాయి ఆ సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదే. అయితే ఈ నిజాన్ని ఆసరా చేసుకుని ఒక అపోహ అల్లుకుంది. సముద్రమంటూ ఉంటే అందులో నక్షత్ర చేపలు, సముద్రపు అర్చిన్లు, గవ్వలు ఉండి తీరాలట. బేతంచెర్ల గనుల్లోనో ఎర్రగుంట్ల గనుల్లోనో ఓపిగ్గా వెతికితే వాటి అచ్చులు దొరకాలట. బండను చీల్చినప్పుడు చెట్టుకొమ్మల్లాంటి నల్ల గీతలు బయటపడినా, తెల్లని కాల్సైటు చారలు ఒకదాన్నొకటి దాటి చుక్క ఆకారంలో అగుపించినా ఈ నమ్మకం మరింత బలపడుతుంది. నిజానికి ఆ కొమ్మలు చెట్లవి కావు. పగుళ్ళలోకి ఇంకిన నీటి నుంచి మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లు పేరుకుని అలా అల్లుకుంటాయి. ఆ చుక్క కూడా పగుళ్ళను పూడ్చిన ఖనిజమే. ఒక జీవి ఒక చోట ఉండిందా లేదా అన్నది అక్కడ నీళ్ళుండేవా అన్న ఒక్క ప్రశ్నతో తేలదు. అవి ఏ కాలపు నీళ్ళు, వాటిలో ఉప్పు ఎంత అని కూడా అడగాలి. కడప సముద్రం విషయంలో కాలపు ప్రశ్నతోనే సంగతి తేలిపోతుంది.

కడప బేసిన్ అని భూగర్భ శాస్త్రవేత్తలు పిలిచే ఈ ప్రాంతం సుమారు 44,000 చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో పరుచుకుని ఉంది. భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ 1872లోనే దీని పొరలను కడప, కర్నూలు అని రెండుగా విడదీసి వివరించాడు. కడప పొరల్లోకి పులివెందుల ప్రాంతంలో చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్ళు. దాని కిందనున్న వేంపల్లె డోలమైటు అంతకన్నా పాతదన్నమాట. బెలుం గుహలు తొలిచిన నార్జి సున్నపురాయి పై అంతస్తులోని కర్నూలు పొరలకు చెందింది. ఈ పై పొరల కచ్చితమైన వయసు మీద ఇంకా వాదన నడుస్తోంది గానీ, అవి 54 కోట్ల ఏళ్ళ కిందటి కేంబ్రియన్ యుగానికి ముందువేనని ఎక్కువమంది అంటారు. నక్షత్ర చేపల వర్గమైన ఇఖైనోడెర్మేటాలో తొలి శిలాజాలేమో సుమారు 52 కోట్ల ఏళ్ళ కిందటివి. నక్షత్ర చేపలు, అర్చిన్లు ఇంకా ఆలస్యంగా, ఆర్డోవిషియన్ యుగంలో, కనిపిస్తాయి. వేంపల్లె రాయి ఏర్పడ్డాక ఇవి పుట్టడానికి వంద కోట్ల ఏళ్ళకు పైగా పట్టింది. వెతకడంలో లోపం లేదు. వెతుకుతున్న జీవే అప్పటికి లేదు.

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తుంటాయి. మొదటిది, అవి మెత్తటి జీవులు కాబట్టి కుళ్ళిపోయి ఉంటాయని. ఇది తప్పు. వీటి చర్మం కింద కాల్సైటు పలకలుంటాయి. చచ్చాక అవి విడిపోయి బురదలో కలిసినా నిలుస్తాయి. ఇదే వర్గానికి చెందిన సముద్రపు లిల్లీల కాడల ముక్కలతోనే నిండిన సున్నపురాళ్ళు ఐరోపా, అమెరికాల్లో కొల్లలు. రెండోది, అంత పాత రాయి వేడికీ ఒత్తిడికీ లోనై అచ్చులను చెరిపేసి ఉంటుందని. ఇది కాస్త ఆలోచించదగ్గ మాటే. కానీ ఇదే రాళ్ళలో నీటి అలల చారలు, ఎండి బీటలువారిన బురద గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అంత సున్నితమైన గీతలను దాచిన రాయి గట్టి కాల్సైటు పలకలను మాత్రమే పోగొట్టుకుందనడం కుదరదు. మూడోది, గవ్వలు లేకుండా సున్నపురాయి ఎలా వస్తుందని. గవ్వలు పుట్టకముందు కూడా సముద్రపు నీటిలోని సున్నం సూక్ష్మజీవుల ప్రమేయంతోనో, రసాయనికంగా తనంత తానుగానో అడుగుకు దిగేది. నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్ళే రాయి అలా వచ్చినవే.

మరి ఆ సముద్రం ఖాళీగా ఉండేదా? లేదు. వేంపల్లె డోలమైటులో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. ఇవి నీలిఆకుపచ్చ సూక్ష్మజీవుల చాపలు పొర మీద పొరగా సున్నాన్ని పట్టి కట్టుకున్న గుట్టలు. అడ్డంగా కోస్తే ఉల్లిపాయ చక్రాల్లా కనిపిస్తాయి. ఒకప్పుడు ప్రపంచమంతటా విస్తారంగా ఉన్న ఇవి తర్వాతి కాలంలో కుంచించుకుపోయాయి. వాటిని గీకి తినే జంతువులు పుట్టడం ఇందుకు ఒక ముఖ్య కారణమని పలువురు భావిస్తారు. అర్చిన్లు అలాంటి మేతగాళ్ళే. ఆస్ట్రేలియాలోని షార్క్ బే మూలన స్ట్రోమటోలైట్లు నేటికీ బతికున్నాయి. అక్కడి నీటిలో ఉప్పు మామూలు సముద్రానికి సుమారు రెట్టింపు, కాబట్టి మేసే జీవులు నిలవలేవు. కడప రాతిలో నక్షత్ర చేపలు లేకపోవడం, స్ట్రోమటోలైట్లు పుష్కలంగా ఉండడం ఒకే కథకు రెండు ముఖాలని నా అభిప్రాయం.

బతికున్న జీవుల విషయంలోనూ అపోహలకు కొదవ లేదు. నక్షత్ర చేపలంటే వెచ్చని, లోతులేని పగడపు దిబ్బల జీవులన్నది వాటిలో ఒకటి. ఈ వర్గంలో నేడు దాదాపు 7,000 జాతులున్నాయి. నక్షత్ర చేపలు, పెళుసు తారలు, అర్చిన్లు, సముద్ర దోసకాయలు, సముద్రపు లిల్లీలు అని వీటిలో ఐదు తరగతులు. లోతులేని చోట్ల హిందూ, పశ్చిమ పసిఫిక్ మహాసముద్రాలు వీటికి పెద్ద నెలవన్నది నిజమే. అయితే అంటార్కిటికా మంచు కిందా నక్షత్ర చేపలున్నాయి. 1951లో డెన్మార్క్ నౌక గలాథియా ఫిలిప్పీన్స్ అగాధంలో 10 వేల మీటర్లకు పైగా లోతు నుంచి సముద్ర దోసకాయలను పైకి తెచ్చింది. ఇంత చలిని, ఇంత లోతును తట్టుకున్న ఈ వర్గం మంచినీటిని మాత్రం గెలవలేకపోయింది. ఏ నదిలోనూ, ఏ చెరువులోనూ ఒక్క జాతీ లేదు. వీటికి మూత్రపిండాల్లాంటి అవయవాలు లేవు. ఒంట్లోని ద్రవం చుట్టూ ఉన్న సముద్రపు నీటితో దాదాపు సమానంగా ఉండాలి. ఉప్పు తగ్గితే నీరు లోపలికి చేరి ఉబ్బిపోతాయి. ఉప్పు సగమే ఉన్న నల్ల సముద్రంలో కొద్ది జాతులే ఉండడానికి కారణమిదే. అందుకే కడప మీదుగా పారి నెల్లూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్నలో ఎదురెక్కి ఏ నక్షత్ర చేపా రాదు. కృష్ణా గోదావరుల వరదనీరు, బురద చేరే మన తీరం కన్నా అండమాన్, లక్షద్వీప్ దీవుల్లో, మన్నార్ సింధుశాఖలో ఈ జాతులు ఎక్కువ. మనదేశపు సముద్రాల్లో మొత్తం ఏడు వందలకు పైగా జాతులు నమోదయ్యాయి. నక్షత్ర చేపలకు చేతులు ఎప్పుడూ ఐదే ఉంటాయన్నది కూడా సరికాదు; పగడాలను తినే ముళ్ళ కిరీటపు నక్షత్ర చేపకు చాలాసార్లు పదిహేనుకు పైగా ఉంటాయి. తెగిన చెయ్యి ఒక్కటే మొత్తం జీవిగా పెరగడం కొన్ని జాతులకే సాధ్యం.

చివరగా ఒక ప్రశ్న మిగులుతుంది. తర్వాతి యుగాల్లో సముద్రం మళ్ళీ సీమకు రాలేదా? వచ్చిన గుర్తులేమీ ఈ పొరల మీద లేవు. డైనోసార్ల కాలంలో సముద్రం దక్షిణ భారతపు అంచులను ముంచింది. తమిళనాడులోని అరియలూరు, తిరుచిరాపల్లి ప్రాంతాల్లో ఆనాటి అర్చిన్ల శిలాజాలు దొరుకుతాయి. పురాజీవ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ స్టొలిచ్కా 1873లో వాటిని వర్ణించాడు. మన వైపు రాజమండ్రి దగ్గర దూదుకూరు పొరల్లో సముద్రపు గవ్వలున్నాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ తవ్వించినవి శిలాజాలే గానీ, అవి చాలా ఆలస్యంగా గుహల్లో చేరిన నేల జంతువుల ఎముకలు. వాటికీ రాతికీ వయసులో పోలికే లేదు. కాబట్టి అర్చిన్ శిలాజం చూడాలనుకున్నవారు అరియలూరు వెళ్ళాలి. వేంపల్లె వెళ్ళేవారు అక్కడి స్ట్రోమటోలైట్లను చూడండి, ఫొటోలు తీసుకోండి. సుత్తి మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి.