ముఖం మారిన ఏడాది: 1966లో 'డాక్టర్ హూ'

1966లో జనవరి 1 శనివారం, డిసెంబరు 31 కూడా శనివారమే. ఆ ఏడాది మొత్తం 53 శనివారాల్లో 46 సాయంత్రాలు బ్రిటన్ ఇళ్లలో బీబీసీ వారి సైన్స్ ఫిక్షన్ ధారావాహిక 'డాక్టర్ హూ' ప్రసారమైంది. వేసవిలో విరామం ఏడు వారాలే. ఏడాది మొదట్లో డాక్టర్ అంటే తెల్లజుట్టు ముసలాయన. ఏడాది చివరికి పాత్ర అదే, మనిషి వేరు. ప్రధాన నటుడు తప్పుకున్నా ధారావాహిక ఆగిపోకుండా ఉండే ఉపాయం అప్పుడే దొరికింది. అదేదో ముందుగా కూర్చుని వేసుకున్న పథకం కాదు. ఒక నటుడి అనారోగ్యం, నిర్మాతలతో ఆయనకు పొసగకపోవడం, తగ్గిపోతున్న ప్రేక్షకులు కలిసి అటువైపు నెట్టాయి.

ధారావాహిక మొదలైంది 1963 నవంబరు 23న. ఆలోచన వెనుక ఉన్నది బీబీసీ డ్రామా విభాగాధిపతి సిడ్నీ న్యూమన్, తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్. మొదటి కథకు దర్శకుడు లక్నోలో పుట్టిన వారిస్ హుస్సేన్. డాక్టర్ వేరే లోకం నుంచి వచ్చిన సంచారి. బయటికి నీలిరంగు పోలీసు బాక్సులా కనిపించే టార్డిస్ అనే వాహనంలో కాలంలోకీ అంతరిక్షంలోకీ తిరుగుతుంటాడు. ఒక కథ చరిత్రలోకి, మరో కథ భవిష్యత్తులోకి వెళ్లాలన్నది మొదట్లో అనుకున్న పద్ధతి. పిల్లలకు కాస్త చరిత్ర, కాస్త సైన్సు తెలుస్తాయన్నది ఉద్దేశం. రెండో కథలోనే డాలెక్‌లు అనే లోహపు కవచాల జీవులు రావడంతో ధారావాహికకు విపరీతమైన పేరొచ్చింది. డాక్టర్‌గా వేసిన విలియం హార్ట్‌నెల్ అంతకుముందు సినిమాల్లో కఠినమైన సైనికాధికారుల పాత్రలకు పేరుపడ్డ నటుడు. ఈ వేషంతో దేశంలోని పిల్లలందరికీ తాతయ్య అయిపోయాడు.

ఆ రోజుల్లో వారానికో ఎపిసోడ్ తయారయ్యేది. కొన్ని రోజులు రిహార్సల్, ఆ తర్వాత ఒక్క సాయంత్రం స్టూడియోలో దాదాపు ప్రత్యక్ష ప్రసారంలాగా ఏకబిగిన రికార్డింగ్. టేపును కత్తిరించి అతికించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి డైలాగు తడబడినా అలాగే ఉంచేసేవారు. ఏడాదిలో నలభైకి పైగా వారాలు ఇలా పనిచేయడం పడుచు నటులకే కష్టం. హార్ట్‌నెల్‌కు 1966 జనవరిలో 58 నిండాయి. రక్తనాళాలు గట్టిపడే జబ్బు ఆయన జ్ఞాపకశక్తిని, కోపాన్ని అదుపు చేసుకునే ఓపికను రెండింటినీ తినేస్తోంది. మొదటి నుంచీ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోవడం ఆయనకు మరీ మింగుడుపడలేదు. లాంబర్ట్ 1965లోనే వెళ్లిపోయింది. ఆమె స్థానంలోకి వచ్చిన జాన్ వైల్స్‌కూ ఆయనకూ పడేది కాదు.

కొత్త సంవత్సరం వచ్చేసరికి తెరమీద 12 భాగాల డాలెక్‌ల కథ 'ద డాలెక్స్ మాస్టర్ ప్లాన్' నడుస్తోంది. జనవరి 29న ముగిసిన ఆ కథలో డాక్టర్ వెంట ఉన్నవాళ్లే ప్రాణాలు కోల్పోతారు. పిల్లల కార్యక్రమానికి అది పెద్ద తెగింపే. ఫిబ్రవరిలో 16వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో జరిగిన మారణకాండ కథ వచ్చింది. అందులో హార్ట్‌నెల్ ద్విపాత్రాభినయం చేశాడు. దర్శకత్వం వహించిన పాడీ రస్సెల్ ఈ ధారావాహికకు తొలి మహిళా దర్శకురాలు. మార్చిలో 'ది ఆర్క్' వచ్చింది.

ఏప్రిల్ కథ 'ద సెలెస్టియల్ టాయ్‌మేకర్' తెరమీద కన్నా తెరవెనుక ఆసక్తికరం. అందులో శత్రువు డాక్టర్‌ను కనిపించకుండా చేస్తాడు. మళ్లీ కనిపించేటప్పుడు వేరే నటుడి ముఖంతో రప్పిస్తే హార్ట్‌నెల్‌ను వదిలించుకోవచ్చని వైల్స్ ఆలోచన. పై అధికారులు ఒప్పుకోకుండా హార్ట్‌నెల్ కాంట్రాక్టును పొడిగించారు. వైల్స్ వెళ్లిపోయి ఇన్నెస్ లాయిడ్ నిర్మాత అయ్యాడు. ఆ ఎత్తు పారకపోవడమే మేలయింది. శత్రువు మాయవల్ల ముఖం మారితే అది ఒక్కసారికే పనికొచ్చే కిటుకు. రెండోసారి మరో మాంత్రికుణ్ణి వెతుక్కోవాల్సి వచ్చేది.

మే నెలలో వచ్చిన 'ద గన్‌ఫైటర్స్' అమెరికా కౌబాయ్ కథకు హాస్యపు తొడుగు. పంటినొప్పితో డాక్టర్ వెళ్లేది డెంటిస్టు కూడా అయిన తుపాకీవీరుడు డాక్ హాలిడే దగ్గరికి. అప్పటి ప్రేక్షకులకు అది నచ్చలేదు. చాలాకాలం దాన్ని ధారావాహికలోకెల్లా నాసిరకం కథగా చెప్పుకున్నారు. ఇప్పుడు చూస్తే ఆ తిట్లు కాస్త ఎక్కువే అనిపిస్తాయి. అప్పటిదాకా ప్రతి ఎపిసోడ్‌కూ విడివిడిగా పేరుండేది. తర్వాతి కథ 'ద సావేజెస్' నుంచి కథ మొత్తానికీ ఒకటే పేరు పెట్టడం మొదలైంది. ఈ కథతోనే డాక్టర్ సహచరుడు స్టీవెన్‌గా వేసిన పీటర్ పర్వెస్ సెలవు తీసుకున్నాడు.

లాయిడ్‌కు, స్టోరీ ఎడిటర్ జెరీ డేవిస్‌కు చరిత్ర పాఠాల మీద మక్కువ లేదు. కథలు వర్తమానానికి దగ్గరగా రావాలన్నది వాళ్ల పట్టు. అందుకు తోడుగా నేత్రవైద్య పరిశోధకుడు కిట్ పెడ్లర్‌ను శాస్త్రీయ సలహాదారుగా తెచ్చుకున్నారు. ఆ కలయికలో మొదటి ఫలం జూన్ 25న మొదలైన 'ద వార్ మెషీన్స్'. లండన్‌లో అప్పుడే కొత్తగా కట్టిన పోస్టాఫీస్ టవర్‌లో వోటాన్ అనే కంప్యూటర్ ఉంటుంది. టెలిఫోన్ తీగల ద్వారా దేశదేశాల కంప్యూటర్లతో దాన్ని కలపబోతుండగా, మనుషులను లోబరచుకోవాలని అదే నిర్ణయించుకుంటుంది. ఇంటర్నెట్‌కు ముందడుగైన ఆర్పానెట్ మొదలైంది 1969లో. ఈ కథ దానికి మూడేళ్ల ముందుది. కథలో సహచరులు కూడా మారిపోయారు. నావికుడు బెన్‌గా మైకేల్ క్రేజ్, పాలీగా ఆనెకె విల్స్ వచ్చారు. డోడో పాత్ర వేసిన జాకీ లేన్‌కు మాత్రం సరైన వీడ్కోలు కూడా దక్కలేదు. కథ మధ్యలో పల్లెకు పంపేసిన ఆ అమ్మాయి మళ్లీ తెరమీదికి రాలేదు.

వేసవి విరామంలో, ఆగస్టులో, పీటర్ కుషింగ్ నటించిన రెండో డాలెక్ సినిమా థియేటర్లకు వచ్చింది. మొదటిదానంత ఆడలేదు. మూడోది తీయనే లేదు. డాలెక్‌ల మోజు తగ్గుతోందనడానికి అదొక గుర్తు. సెప్టెంబరులో మళ్లీ మొదలైన ధారావాహికను సగటున 45 లక్షల మందే చూశారు. 1965 తొలి నెలల్లో ఒక ఎపిసోడ్‌ను కోటీ 35 లక్షల మంది చూశారని గుర్తుంచుకుంటే ఆ పతనం ఎంతటిదో తెలుస్తుంది. అప్పటికే హార్ట్‌నెల్ తప్పుకోవడం ఖాయమైపోయింది.

ఆయన చివరి కథ 'ద టెంత్ ప్లానెట్' అక్టోబరు 8 నుంచి 29 వరకు నాలుగు వారాలు నడిచింది. రాసింది పెడ్లర్, డేవిస్. దెబ్బతిన్న అవయవం తీసేసి కృత్రిమమైనది పెట్టుకుంటూ పోతే చివరికి మనిషిలో మనిషి ఎంత మిగులుతాడన్న భయం పెడ్లర్‌ను వెంటాడేది. సైబర్‌మెన్ పుట్టింది అందులోంచే. ఒక్కో అవయవాన్నీ యంత్రంతో మార్చుకుని, చివరికి భావోద్వేగాలను కూడా తీసేసుకున్న జాతి అది. ముఖానికి గుడ్డ తొడుగు, ఛాతీమీద పెద్ద పెట్టె, చేతులు మాత్రం మామూలు మనుషులవే. తర్వాతి దశాబ్దాల్లో వచ్చిన మెరుపుల సైబర్‌మెన్ కంటే ఈ మొదటివాళ్లే ఎక్కువ భయపెడతారు. వాళ్లు ఒకప్పుడు మనుషులన్న సంగతి చేతులు చూస్తే తెలిసిపోతుంది. అవయవాల మార్పిడి గురించిన పెడ్లర్ భయం కాలానికి ముందుదే: ప్రపంచంలో మొదటి మానవ గుండె మార్పిడి జరిగింది ఆ మరుసటి ఏడాది డిసెంబరులో.

మూడో ఎపిసోడ్ సమయానికి హార్ట్‌నెల్ మంచంపట్టాడు. వెనుక నుంచి కనబడేలా మరొకరిని పెట్టి, డాక్టర్ స్పృహతప్పి పడిపోయినట్టు చూపి, ఆయన డైలాగులు మిగతావాళ్లకు పంచేశారు. విచిత్రంగా అది కథకు సాయమే చేసింది. అలసి కూలిపోయిన డాక్టర్‌ను ముందే చూశారు కాబట్టి, చివర్లో ఆయన శరీరం అరిగిపోయిందంటే ప్రేక్షకులు నమ్మారు. అక్టోబరు 29న టార్డిస్ నేలమీద పడిపోయిన ముసలాయన ముఖం వెలుగులో కరిగి, 46 ఏళ్ల పాట్రిక్ ట్రౌటన్ ముఖంగా మారింది. లోపమున్న మిక్సింగ్ పరికరంతో తెరను తెల్లగా వెలిగిపోయేలా చేయవచ్చని కనిపెట్టింది విజన్ మిక్సర్ షర్లీ కవర్డ్.

మన డైలీ సీరియళ్లలో నటుడు మారితే కథలో ఎవరూ గమనించనట్టే నటిస్తారు. 'డాక్టర్ హూ' ఆ మార్పునే కథ చేసుకుంది. నవంబరు 5న మొదలైన 'ద పవర్ ఆఫ్ ద డాలెక్స్'లో ఈ మనిషి డాక్టరేనా అని బెన్ అనుమానిస్తాడు, పాలీ నమ్ముతుంది. పాత ఉంగరం కొత్త వేలికి వదులైపోతుంది. సందేహం తీర్చేది చివరికి శత్రువే. ఒక డాలెక్ ఆయన్ను చూసి గుర్తుపడుతుంది. రచయిత డేవిడ్ విటేకర్ వేసిన ఈ ఎత్తు ఆ ఏడాది రచనల్లోకెల్లా తెలివైనది. ట్రౌటన్ హార్ట్‌నెల్‌ను అనుకరించే ప్రయత్నమే చేయలేదు. వదులు ప్యాంటు, పిల్లనగ్రోవి, విదూషకుడి వేషాల వెనుక చురుకైన బుర్ర, ఇదీ ఆయన డాక్టర్. ఆరు వారాలూ ప్రేక్షకుల సంఖ్య 75 నుంచి 80 లక్షల మధ్య నిలబడింది.

డిసెంబరు 17న మొదలైన 'ద హైలాండర్స్' 1746 నాటి స్కాట్లాండ్ కథ. ఫ్రేజర్ హైన్స్ వేసిన జేమీ అందులోనే చేరి, ట్రౌటన్ వెళ్లేదాకా వెంట ఉన్నాడు. పూర్తిగా చారిత్రకమైన కథలకు మాత్రం దాంతో తెరపడింది. అలాంటిది మళ్లీ వచ్చింది 1982లో.

ట్రౌటన్ 1969 దాకా కొనసాగాడు. తర్వాత జాన్ పెర్ట్‌వీ వచ్చాడు, ఆయన తర్వాత మరొకరు. ఈ రూపాంతరానికి 'రీజనరేషన్' అన్న పేరు స్థిరపడింది 1974లో. 1966లో ఆ మాటే లేదు. 1989లో ఆగిన ధారావాహిక 2005లో తిరిగి మొదలైంది. హార్ట్‌నెల్ పదో వార్షికోత్సవపు కథలో చివరిసారి కనిపించి 1975 ఏప్రిల్ 23న కన్నుమూశాడు.

బీబీసీ తర్వాతి ఏళ్లలో టేపులు చెరిపేసి మళ్లీ వాడుకుంది, విదేశాలకు అమ్మిన ఫిల్ము ప్రతులనూ దాచలేదు. 'ద టెంత్ ప్లానెట్' నాలుగో ఎపిసోడ్ అలాగే పోయింది. ముఖం మారే దృశ్యం మాత్రం 'బ్లూ పీటర్' అనే పిల్లల కార్యక్రమంలో వాడినందువల్ల మిగిలింది. ట్రౌటన్ మొదటి కథ ఆరు భాగాలూ లేవు. అభిమానులు ఇంట్లో టేపు రికార్డర్లలో పట్టుకున్న ధ్వని ఉండటంతో 2016లో, సరిగ్గా 50 ఏళ్లకు, దానికి యానిమేషన్ బొమ్మలు చేర్చి విడుదల చేశారు. 1966 కథల్లో అన్ని ఎపిసోడ్లూ దొరుకుతున్నవి 'ది ఆర్క్', 'ద గన్‌ఫైటర్స్', 'ద వార్ మెషీన్స్' మూడే. మొదటిసారి చూడాలనుకునేవారు 'ద వార్ మెషీన్స్'తో మొదలుపెట్టడం మంచిది.