ఊరి అడవికి విశ్రాంతి - ఊరికి ఆరోగ్యము

మీ ఊరి గుట్టను ఒకసారి పరికించి చూడండి. ఒకప్పుడు తునికి, మోదుగ, చిరుమాను, ఉసిరి చెట్లతో నిండియున్న చోట నేడు మోకాలెత్తు పొదలు, రాళ్ళు, సర్కారు తుమ్మ కనుపించుచుండవచ్చును. "అడవి చచ్చినది, క్రొత్తగా నాటవలసినదే" అని పలువురు అనుకొందురు. ఇది పొరపాటు. పైభాగము నరికినను, పశువులు మేసినను, ఇట్టి చెట్ల వేళ్ళు భూమిలో చాలకాలము బ్రతికియుండును. వాటికి ముందుగా కావలసినది విశ్రాంతి.

అడవి వలన లాభములు

ఆకుపొర కప్పిన నేల వానధాటికి కోసుకొనిపోదు. నీరు ఇంకును, దిగువ చెరువులో పూడిక తగ్గును. ఉసిరి, నేరేడు, సీతాఫలము పిల్లలకు ఖర్చులేని పోషకాహారము. ఉసిరిలో విటమిన్ సి మెండు. ఎండుపుల్లలు దగ్గరలో దొరికినచో స్త్రీలకు దూరపు నడక తప్పును. పచ్చికట్టెల పొగ కండ్లకు, ఊపిరితిత్తులకు చేయు కీడు కూడ తగ్గును.

చేయవలసిన పనులు

1. గుట్టను మూడు భాగములు చేసి, మొదట ఒక భాగమును మాత్రమే 3 సంవత్సరములు పశువులకు, గొడ్డలికి దూరముగ నుంచవలెను. అందలి గడ్డిని కోసి తెచ్చుకొనవచ్చును.

2. చీలిన మోళ్ళను వానలకు ముందు నేలకు దగ్గరగా, నీరు నిలువకుండ ఏటవాలుగా నరుకవలెను. మరుసటి ఏడు ఒక్కొక్క మోటికి బలమైన పిలకలు ఒకటి రెండు ఉంచి, తక్కినవి తీసివేయవలెను.

3. వాలునకు అడ్డముగా అడుగున్నర లోతు కందకములు త్రవ్వి, మట్టిని దిగువవైపు గట్టుగా వేయవలెను.

4. సర్కారు తుమ్మను పైపైన నరికిన మరల చిగుర్చును, వేరుతో పెకలింపవలెను. లంటానా కంపను కాయలు పండకముందే మొదలు క్రింద వేరు తెంచి తీయవలెను.

5. ఫిబ్రవరి రాకముందే చుట్టును పది అడుగుల వెడల్పున ఎండుగడ్డి, ఆకులు ఊడ్చి, నిప్పు ప్రాకకుండ చేయవలెను.

6. పిలకలు రాని ఖాళీలలో మాత్రమే జూన్, జూలై నెలలలో ఉసిరి, నేరేడు, వేప, కానుగ నాటవలెను.

మరువరాని సంగతి

గుట్టను మూసిననాడు మొదట నష్టపడువాడు భూమిలేక నాలుగు మేకలతో బ్రతుకువాడు. ఆ తరువాత మోపు అమ్ముకొను స్త్రీ. వీరిని అడుగకుండ పెద్దలు చేసిన తీర్మానము రాత్రిపూట గొడ్డలి ముందు నిలువదు. కావున ఏ భాగము ఎప్పుడు మూయవలెనో వీరితో కూర్చుండి నిర్ణయింపవలెను. కందకముల కూలి, కోతగడ్డి, ఎండుపుల్లలు మొదట వీరికే దక్కవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుండి ఏర్పడిన వన సంరక్షణ సమితులకు మూలసూత్రము ఇదియే: కాపాడినవారికి ఫలములో భాగముండవలెను.

రిజర్వు అడవియైనచో పని మొదలుపెట్టకముందే అటవీశాఖవారి అనుమతి పొందవలెను. ఊరి పోరంబోకైనచో గ్రామసభలో తీర్మానించి, పంచాయతీ, రెవెన్యూ అధికారులను సంప్రదింపవలెను.

ఈ వేసవిలోనే గుట్ట ఎక్కి, బ్రతికియున్న మోళ్ళను లెక్కించుకొనండి. ఎక్కువ మోళ్ళున్న భాగముతోనే పని ప్రారంభించండి.